ష్లొసీలో: ఎస్పరాంటోలో తాళంచెవి ఎలా పుట్టింది?

బయటికి బయల్దేరే హడావుడిలో "తాళాలు ఎక్కడ పెట్టావు?" అని ఇంట్లో ఒక కేక వినిపిస్తుంది. తాళం తలుపుకే వేలాడుతూ ఉంటుంది. వెతుకుతున్నది తాళంచెవుల కోసం. అయినా ఎవరూ పొరబడరు. తెలుగులో తలుపుకు వేసేదీ తాళమే, దాన్ని తీసేదీ తాళమే. "తాళం చెడిపోయింది" అంటే ఒకటి, "తాళం మర్చిపోయి వచ్చాను" అంటే ఇంకొకటి. ఏది ఏదో సందర్భమే చెప్పేస్తుంది.

వేరువేరు దేశాలవాళ్ళు మాట్లాడుకోవడానికని ఒక మనిషి తయారుచేసిన భాష ఎస్పరాంటో. అందులో ఈ వెసులుబాటు లేదు. తలుపు ఊరికే మూస్తే 'ఫేర్మి'. దానికి తాళం వేస్తే 'ష్లోసి'. వేసిన ఆ తాళం 'సెరూరో'. జేబులో వేసుకునేది 'ష్లొసీలో'. ఫేర్మి, సెరూరో ఫ్రెంచి నుంచి వచ్చాయి. ష్లోసి మాత్రం జర్మన్ వైపు నుంచి వచ్చింది. ఒకే తలుపు, ఒకే తాళం, వాటి మాటలకు రెండు పుట్టిళ్ళు. ఇలా ఎందుకైంది అని ఆరా తీస్తూ పోతే, ఒక మనిషి కూర్చుని భాషను కట్టేటప్పుడు ఏమేం ఆలోచించాడో ఈ చిన్న వస్తువులోనే చాలావరకు కనబడుతుంది. నేను ఈ మాటను పట్టుకోవడానికి కారణం అదే.

ఆ మనిషి లుద్విక్ జామెన్‌హోఫ్. కళ్ళ డాక్టరు. 1859లో బియాలిస్టాక్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లో ఉంది, అప్పుడు రష్యా సామ్రాజ్యంలో ఉండేది. 1887లో వార్సాలో, 'డాక్టర్ ఎస్పరాంటో' అనే మారుపేరుతో ఒక సన్నటి పుస్తకం అచ్చు వేయించాడు. ఆ మాటకు 'ఆశ పెట్టుకున్నవాడు' అని అర్థం. చివరికి ఆ మారుపేరే భాషకు పేరైపోయింది. పుస్తకంలో పదహారు వ్యాకరణ సూత్రాలు, సుమారు తొమ్మిది వందల మూల పదాలు ఉన్నాయి. అచ్చు ఖర్చుకు పెళ్ళిలో వచ్చిన కట్నం డబ్బు పనికొచ్చింది.

జామెన్‌హోఫ్ ఏ మాటను ఏ భాష నుంచి తీసుకున్నాడో వరసగా రాసిపెట్టలేదు. అందుకే ఎస్పరాంటో వయసు నూట నలభై ఏళ్ళు కూడా నిండకపోయినా దాని పదాలకు వ్యుత్పత్తి వెతకడం పెద్ద పనే అయింది. స్వీడన్ పండితుడు ఎబ్బె విల్బోర్గ్ దీని కోసమే ఐదు సంపుటాల నిఘంటువు రాశాడు. పద్ధతి మాత్రం మామూలు భాషల్లో లాంటిదే. ఆయనకు తెలిసిన భాషలన్నీ పక్కపక్కన పెట్టి, శబ్దం ఎక్కడ కలుస్తోంది, అర్థం ఎక్కడ కలుస్తోంది అని చూసుకుంటూ పోవడమే.

మొదటి సగం: ష్లోస్

జర్మన్‌లో తాళాన్ని ష్లోస్ అంటారు. మూయడం, తాళం వేయడం ష్లీసెన్. తాళంచెవి ష్లూసెల్. యిడ్డిష్ భాషలోనూ తాళం ష్లోస్, తాళంచెవి ష్లిసల్. మధ్య, తూర్పు యూరప్ యూదులు ఇళ్ళలో మాట్లాడుకున్న భాష యిడ్డిష్. జర్మన్‌కు దగ్గరి చుట్టం, రాసేది మాత్రం హీబ్రూ లిపిలో.

జామెన్‌హోఫ్ యూదుల ఇంట్లో పుట్టాడు. తండ్రి జర్మన్ పంతులు. ఇంట్లో రష్యన్, వీధిలో యిడ్డిష్, పోలిష్, బడిలో ఇంకొన్ని. తన ఊళ్ళో రష్యన్లు, పోలిష్ వాళ్ళు, జర్మన్లు, యూదులు నాలుగు ముక్కలుగా ఉండేవారని, ఒకరి మాట ఒకరికి పడేది కాదని ఆయనే తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. అలాంటి చోట పెరిగిన పిల్లాడి చెవిలో 'ష్లోస్' అన్న మాట జర్మన్‌గా ముందు పడిందా, యిడ్డిష్‌గా ముందు పడిందా అని గీత గీసి చెప్పడం అర్థం లేని పని. రెండు వైపుల నుంచీ పడి ఉంటుంది. ఎస్పరాంటోలో ఇలాంటి మాటలు ఇంకా ఉన్నాయి. నిప్పుకు 'ఫాయ్‌రో' అంటారు. జర్మన్ 'ఫోయర్' కన్నా యిడ్డిష్ 'ఫాయర్'కే ఇది దగ్గర. ఇంగ్లీషు 'ఫైర్' కూడా పక్కనే ఉంది. మన దగ్గర కూడా ఒక మాట ఉర్దూ నుంచి వచ్చిందా, మరాఠీ మీదుగా వచ్చిందా అని తేలకపోవడం మామూలే కదా.

ఇక్కడ ఆయన చేసిన ఒక మార్పును గమనించాలి. జర్మన్, యిడ్డిష్ రెండింటిలోనూ ష్లోస్ ఒక వస్తువు, అంటే తాళం. జామెన్‌హోఫ్ దాన్ని పనిగా మార్చాడు. ఎస్పరాంటోలో ష్లోస్ అనే ధాతువుకు 'తాళం వేయు' అన్న అర్థం ఒక్కటే. వస్తువుకు వేరే మాట కావలసి వచ్చి ఫ్రెంచి 'సెర్యూర్' నుంచి సెరూరో తెచ్చుకున్నాడు.

ఎందుకీ శ్రమ? ఆయన చుట్టూ ఉన్న భాషల్లో ఈ మాటలు ఎంత చిక్కుపడి ఉన్నాయో చూస్తే తెలుస్తుంది. జర్మన్‌లో ష్లోస్ అంటే తాళమే కాదు, రాజుల కోట కూడా. పోలిష్‌లో 'జామెక్' అన్నా అదే, తాళమూ కోటా. జర్మన్ ష్లీసెన్ అంటే తలుపు మూయడమూ కావచ్చు, తాళం వేయడమూ కావచ్చు. ఫ్రెంచిలో తాళం వేయడాన్ని మామూలుగా 'తాళంచెవితో మూయు' అంటారు. రష్యన్, పోలిష్ కూడా దాదాపు ఇదే దారి. పుట్టి పెరిగినవాళ్ళకు ఇవేవీ ఇబ్బంది కావు, మన "తాళాలు ఎక్కడ?" లాగే. నేర్చుకునే పరాయివాడికి మాత్రం అడుగడుగునా ఇదే గొడవ. అందుకే జామెన్‌హోఫ్ కోటకు 'కస్తేలో', మూయడానికి ఫేర్మి, తాళానికి సెరూరో, తాళం వేయడానికి ష్లోసి అని నాలుగు ముళ్ళూ విప్పి విడివిడిగా పెట్టాడు. ఒక పదం ఎక్కడి నుంచి వచ్చింది అంటే ఆ శబ్దం ఏ భాషదో చెప్పి ఊరుకుంటాం. ఇక్కడ శబ్దం జర్మన్-యిడ్డిష్‌దే, అర్థపు హద్దు మాత్రం ఆయన సొంతంగా గీసినది. నా దృష్టిలో ఈ మాటకు అసలైన పుట్టుక ఆ హద్దు గీయడంలోనే ఉంది.

రెండో సగం: ఈలో

ష్లోసి అంటే తాళం వేయడం. దానికి 'ఈల్' చేర్చి, నామవాచకాలన్నిటికీ వచ్చే 'ఓ' చివర పెడితే ష్లొసీలో. తాళం వేసే పనిముట్టు. నొక్కి పలికేది ఎప్పుడూ చివరి నుంచి రెండో అక్షరాన్నే, ఇక్కడ 'సీ'ని.

ఈ ప్రత్యయాల ఆలోచన జామెన్‌హోఫ్‌కు ఎలా తట్టిందో తెలిసినప్పటి నుంచి నాకు ఆ ఘట్టం మరీ ఇష్టం. హైస్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడే ఆయన భాష కట్టడం మొదలుపెట్టాడు. వ్యాకరణం తేలికైంది కానీ పదాల దగ్గర ఆగిపోయాడు. వేల మాటలు, లావుపాటి నిఘంటువులు, ఎవరు బట్టీపడతారు? ఒక దశలో అక్షరాలను లెక్క ప్రకారం పేర్చి ఆ, ఆబ్, బా, ఆబా అంటూ పొట్టి మాటలు తయారుచేసి ఒక్కోదానికి ఒక్కో అర్థం ఇవ్వాలనుకున్నాడు. అవి ఆయనకే గుర్తుండవని తేలి వదిలేశాడు. తెలిసిన భాషల నుంచి తెలిసిన మాటలు తీసుకోవాలన్న నిర్ణయం ఈ ఓటమి నుంచే వచ్చింది. లేకపోతే ఈరోజు తాళంచెవిని ఏ 'ఎబ్' అనో 'ఆకా' అనో పిలవాల్సి వచ్చేది.

తర్వాత ఒకరోజు వీధిలో నడుస్తుంటే అంతకు ముందు ఎన్నోసార్లు చూసిన ఒక బోర్డు కంటపడింది. రష్యన్‌లో 'ష్వేత్సార్‌స్కాయా', అంటే ద్వారపాలకుడి గది. ఆ తర్వాత ఒక దుకాణం మీద 'కొందీతెర్‌స్కాయా', మిఠాయి కొట్టు. రెండు బోర్డుల్లోనూ ఆ 'స్కాయా' తోక అతని దృష్టిలో పడింది. ఒక మాట నుంచి ఇంకో మాట పుట్టించే తోకలు కొన్ని ఉంటే చాలు, ప్రతి మాటనూ విడిగా నేర్చుకోనక్కర్లేదు! ఆ భయంకరమైన నిఘంటువుల మీద ఒక వెలుగు కిరణం పడినట్టయిందని, తన కళ్ళ ముందే అవి చిక్కిపోసాగాయని నికొలాయ్ బొరోవ్‌కో అనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు.

'ఈల్' అన్న తోక కూడా గాలిలోంచి ఊడిపడలేదు. రష్యన్‌లో కడగడం 'మీత్', సబ్బు 'మీలో'. సానబట్టడం 'తొచీత్', సానరాయి 'తొచీలో'. పోలిష్‌లో అదే తోక 'ద్వో' అని వినిపిస్తుంది, సబ్బును 'మిద్వో' అంటారు. ఇటు జర్మన్‌లోనూ ఒకటుంది. కప్పడం డెకెన్, మూత డెకెల్. ఎత్తడం హేబెన్, మీటకడ్డీ హేబెల్. ష్లీసెన్ నుంచి ష్లూసెల్ వచ్చింది కూడా ఆ దారిలోనే. వెయ్యేళ్ళ కిందటి పాత జర్మన్‌లో దాన్ని 'స్లుస్సిల్' అనేవారు. అప్పట్లో ఆ 'ఇల్' స్పష్టంగానే ఉండేది. ష్లొసీలో అని పలికినప్పుడు జర్మన్‌వాడికి ష్లూసెల్ గుర్తొస్తుంది, రష్యన్‌వాడికి పనిముట్ల తోక గుర్తొస్తుంది. ఒకే మాట రెండు వైపులా చెయ్యి చాచింది.

జర్మన్‌లో ఆ తోక ఇప్పుడు ప్రాణం లేనిది. కొత్త మాటలు పుట్టించదు. తెలుగులో చూడండి. దువ్వేది దువ్వెన. తిరిగేది తిరగలి. మూసేది మూత. పట్టుకునేది పట్టకారు. పని నుంచే పనిముట్టు పేరు పుట్టింది, కానీ ప్రతిసారీ తోక వేరు. దువ్వు నుంచి దువ్వెన వచ్చింది కదా అని తవ్వు నుంచి 'తవ్వెన' అనలేం. ఎవరికీ అర్థం కాదు. ఎస్పరాంటోలో సరిగ్గా అదే చేయొచ్చు. తవ్వడం ఫోసి, తవ్వే పార ఫొసీలో. దువ్వడం కోంబి, దువ్వెన కొంబీలో. కుట్టడం కూద్రి, సూది కుద్రీలో. జామెన్‌హోఫ్ అభ్యాస పాఠాల్లో ఈ ప్రత్యయం నేర్పే వాక్యం దాదాపు పాటలా సాగుతుంది: "పెర్ హకీలో ని హాకస్, పెర్ సెగీలో ని సేగస్, పెర్ ఫొసీలో ని ఫోసస్". గొడ్డలితో నరుకుతాం, రంపంతో కోస్తాం, పారతో తవ్వుతాం. తెలుగులో ఇది చెప్పడానికి ఆరు వేరువేరు మాటలు పట్టాయి, అక్కడ మూడే. ఒక శతాబ్దం తర్వాత కంప్యూటర్ వచ్చినప్పుడు కూడా ఎస్పరాంటో వాళ్ళు ఇంగ్లీషు మాటను పోలిన ఒకట్రెండు రూపాలు వాడి చూసి, చివరికి 'కొంపుతీలో' దగ్గర స్థిరపడ్డారు. లెక్కించే పనిముట్టు.

అయితే ఇదంతా ఇంత శుభ్రంగా ఉందనుకుంటే పొరపాటే. నేర్చుకునేవాళ్ళను బాగా తికమక పెట్టే చోటు ఒకటుంది. దువ్వెన కొంబీలో అన్నాం కదా. మరి బ్రష్? బ్రొసీలో అనిపిస్తుంది. కాదు, అది 'బ్రోసో'. ఎందుకంటే కోంబ్ అనే ధాతువు పనిని చెబుతుంది, బ్రోస్ అనే ధాతువు వస్తువునే చెబుతుంది. బ్రోసి అంటే బ్రష్‌తో రుద్దడం. సుత్తి కూడా అంతే, 'మర్తేలో', తోక అక్కర్లేదు. అదే కోంబో అంటే దువ్వెన కాదు, దువ్వడం. ష్లోసో అంటే తాళం వేయడం అనే పని, తాళంచెవి కాదు. ఏ ధాతువు పనిదో, ఏది వస్తువుదో ముందే తెలిసి ఉండాలి. దీని మీద 1910 ప్రాంతంలో పెద్ద చర్చ నడిచింది. అందులో ముఖ్యుడు రెనె ద సోస్యూర్. ఆధునిక భాషాశాస్త్రానికి పునాది వేసినవాడిగా పేరున్న ఫెర్డినాండ్ ద సోస్యూర్‌కు తమ్ముడు. నన్నడిగితే, బ్రష్‌నూ దువ్వెననూ వేరువేరు పద్ధతుల్లో కట్టడం ఈ భాషలో నిజమైన లోపమే. ష్లొసీలో విషయంలో మాత్రం ఎంపిక సరిగ్గా కుదిరింది. తాళంచెవికి తాళం తప్ప వేరే బతుకు లేదు కాబట్టి దాని పేరు ఆ పని నుంచి రావడమే సబబు.

అందరికీ తెలిసిన మాటను ఎందుకు వదిలేశాడు?

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. లాటిన్‌లో తాళంచెవి 'క్లావిస్'. దాని నుంచి ఫ్రెంచి 'క్లే', ఇటాలియన్ 'క్యావే', స్పానిష్ 'యావే', పోర్చుగీసు 'షావె' పుట్టాయి. యూరప్‌లో ఎక్కువమందికి తెలిసిన మాట తీసుకోవాలన్నదే లెక్కయితే ఇదే తీసుకోవాలి.

జామెన్‌హోఫ్ దీన్ని వదిలేయలేదు, వేరే పనికి పెట్టాడు. ఎస్పరాంటోలో 'క్లావో' అంటే పియానో మెట్టు, టైప్ మిషన్ మీద నొక్కే మీట. ఇప్పుడు కంప్యూటర్ కీబోర్డు 'క్లావారో'. ఇంగ్లీషులో తలుపు తీసేదీ కీనే, వేలితో నొక్కేదీ కీనే. మనం కూడా అది అలాగే తెచ్చుకున్నాం. ఎస్పరాంటోలో అవి రెండు వేరు మాటలు, ష్లొసీలో, క్లావో. మళ్ళీ అదే అలవాటు, చిక్కు కనబడితే విడదీయడం.

అందరూ దీన్ని మెచ్చలేదు. 1907లో ఎస్పరాంటోను సంస్కరించాలని బయల్దేరిన వాళ్ళు 'ఇడో' అనే భాషను ముందుకు తెచ్చారు. ఎక్కువమంది యూరోపియన్లు చూడగానే గుర్తుపట్టే మాట కావాలన్నది వాళ్ళ పట్టుదల. ఇడోలో తాళంచెవి 'క్లెఫో', ఫ్రెంచి క్లే పాత రాతలో ఉన్నట్టే. 1951లో న్యూయార్క్ నుంచి వెలువడిన ఇంటర్‌లింగ్వా అనే ఇంకో తయారుచేసిన భాషలో అది 'క్లావె'. ఫ్రెంచి, ఇటాలియన్ వాళ్ళకు ఇవి నిస్సందేహంగా తేలిక. తెలుగువాడికి? క్లెఫో అన్నా ష్లోస్ అన్నా ఒకటే, రెండూ బట్టీపట్టాల్సినవే. ఎస్పరాంటో మూలాలన్నీ యూరప్ నుంచే వచ్చాయన్న ఫిర్యాదు న్యాయమైనది, దాన్ని తోసిపుచ్చలేం. కానీ ష్లోస్ ఒక్కటి బట్టీపడితే ష్లోసి, ష్లొసీలో, తాళం తీయడానికి 'మల్‌ష్లోసి', తాళాల గుత్తికి 'ష్లొసిలారో', తాళంచెవి దూరే రంధ్రానికి 'ష్లొసిల్‌త్రూవో' అన్నీ మనమే కట్టుకోవచ్చు. యూరప్ బయటివాడికి ఈ భాషలో దక్కే మేలు ఇదే. ఆ విషయంలో నా ఓటు జామెన్‌హోఫ్‌కే.

ఆ లాటిన్ క్లావిస్ మనకు పూర్తిగా పరాయిది కాదని కూడా చెప్పాలి. పదహారో శతాబ్దపు పోర్చుగీసు వాళ్ళు షావెను 'చావె' అనే పలికేవారు. వాళ్ళ ఓడలతో పాటు దిగిన ఆ మాట హిందీలో 'చాబీ' అయింది, తమిళంలో 'చావి' అయింది. హైదరాబాదులో చాబీ ఇప్పటికీ వాడుకలో ఉంది. అంటే ఎస్పరాంటోలో పియానో మెట్టూ, హైదరాబాదీ జేబులో చాబీ ఒక తల్లి బిడ్డలే. మన తాళంచెవిలోని 'చెవి' కూడా ఆ చావె మన నోట్లో నలిగి, తెలిసిన మాటలా మారినదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. కన్నడంలో మాత్రం 'బీగద కై', తాళపు చెయ్యి.

ష్లొసీలోకు ఎస్పరాంటో చరిత్రలో ఇంకో అర్థం కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఎన్నో భాషల్లో ఆ పేరుతోనే చిన్న చిన్న పుస్తకాలు అచ్చయ్యాయి. ఉత్తరం కవరులో మడిచి పెట్టేంత పల్చన. లోపల కాస్త వ్యాకరణం, పదాల పట్టిక. ఎస్పరాంటో అసలే రాని మనిషికి ఆ భాషలో ఉత్తరం రాసి, తోడుగా ఈ 'తాళంచెవి' పంపిస్తే, ఆయన ఒక్కో ముక్క చూసుకుంటూ ఉత్తరం తెరుచుకుంటాడు.

ఈ ఆలోచన 1887 పుస్తకంలోనే ఉంది. మూలాలను, తోకలను కామాలతో విడగొట్టి జామెన్‌హోఫ్ ఒక వాక్యం చూపించాడు: "మి నె స్ట్సీ,అస్ కీయె మి లాస్,ఇస్ లా బస్తోన్,ఓ,న్, చు వి జి,న్ నె వీడ్,ఇస్?" పట్టిక దగ్గర పెట్టుకుని చూద్దాం. మి: నేను. నె: కాదు, లేదు. స్ట్సీ: తెలియు. అస్: ఇప్పుడు జరిగేది. కీయె: ఎక్కడ. లాస్: వదులు. ఇస్: జరిగిపోయింది. లా: ఆ. బస్తోన్: చేతికర్ర. ఓ: నామవాచకం. న్: కర్మ, మన 'ను' లాంటిది. చు: వాక్యాన్ని ప్రశ్న చేసేది, మన చివరి 'ఆ' లాగా. వి: మీరు. జి: అది. వీడ్: చూచు. అంతా కలిపితే, చేతికర్ర ఎక్కడ వదిలేశానో తెలియడం లేదు, మీరు చూడలేదా?

ఇప్పుడు చేతికర్ర తీసేసి దాని చోట మన మాట పెడితే: "మి నె స్ట్సీయస్ కీయె మి లాసిస్ లా ష్లొసీలోన్, చు వి జిన్ నె వీడిస్?" తాళంచెవి ఎక్కడ పెట్టానో తెలియడం లేదు, మీకేమైనా కనబడిందా?